గుండుపప్పు

ట్యూబు మీద పెన్నుతో మూడు గీతలు గీశాను.
మొదటిది దసరా సెలవులదాకా,
రెండోది కార్తీకం వెళ్ళేదాకా,
మూడోది ఎప్పుడొచ్చినా ఏడుపే.

రెండువందల ఎనభై ఐదు.
కాశీబుగ్గ మెడికల్ షాపులో లోకనాథ పాత్రోగారు
పది కాగితం తిరిగిచ్చి
ఐదు రూపాయలకి పిప్పరమెంట్లు చేతిలో పోశారు.
మా ఇంట్లో డబ్బుకి వేరే కొలత ఉంది.
కిలో జీడిపప్పుకి పొట్టు తీస్తే అమ్మకెంతో
దానితో భాగించడం.
భాగించాను.
శేషం రాలేదు గానీ
ఆ రాత్రి మొహం కడుక్కుంటుంటే
నురగలో ఫ్యాక్టరీ పొయ్యి వాసనేసింది.

నాణెమంత తీసుకోమని డబ్బా మీద రాసుంది.
ఏ నాణెం?
నేను పావలా అనుకున్నాను, అది ఎలాగూ చెల్లదు కదాని.
తరవాత శనగగింజ.
తరవాత పెసరగింజ.
నవంబరుకి ఆవగింజ దగ్గరికొచ్చాను.
మొటిమలు మాత్రం ఏ పొదుపూ పాటించలేదు.
గడ్డం కింద కొత్తగా రెండు,
చెంప మీద పాతదాని పక్కనే దాని చెల్లెలు.
బస్సులో చున్నీ ముక్కుదాకా కప్పుకుంటే
కండక్టరు గుంపస్వామిగారు
"జరమేటమ్మా?" అనడిగి సీటిప్పించారు.
కాదని చెప్పి సీటు పోగొట్టుకోలేదు.

ఇంతలో గీతలు అబద్ధాలాడ్డం మొదలెట్టాయి.
రెండో గీత పదిరోజుల ముందే దాటిపోయింది.
తమ్ముడు తారకేసుని నిలదీశాను.
తొమ్మిదో తరగతి వెధవకి ముక్కు మీద ఒకే ఒక్క మొటిమ,
దాన్ని కొత్త సైకిల్లా తుడుచుకుంటున్నాడు.
"నీదైతేనేటి, నాదైతేనేటి, మొకం మొకమే కదేటి!"
చెవి మెలేశాను.
తరవాత వాడి వాటాకి ఇంకో గీత గీసి
పక్కన 'తా' అని రాశాను.

అప్పడాల కర్రతో ఒత్తాం.
గ్లాసులో తలకిందులుగా నిలబెట్టాం.
తలుపు సందులో పెట్టి మూశాం.
ఇంకేమీ లేదని తేలాక
కత్తెరతో నడుం దగ్గర కోస్తే
లోపలి గోడలకి ఇంకా నాలుగు రోజులుంది.
ఆ నాలుగు రోజులూ
మేమిద్దరం కొట్టుకోలేదు.

మళ్ళీ షాపుకెళ్తే
పాత్రోగారు కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి
కింది అరలోంచి దుమ్ము తుడిచి ఇంకోటి తీశారు.
దాని మీద తెల్లటి పిల్ల లేదు,
నీటి చుక్కలు లేవు, ఆకులు లేవు.
"వెనకాల సన్నక్షరాలు చదువమ్మా.
సాలిసిలిక్ యాసిడ్ రెండు శాతం.
దాన్లోనూ అదే, దీన్లోనూ అదే. నూటపది."
అయితే ఇన్నాళ్ళూ నేను
ఆ తెల్లటి పిల్లకి జీతమిచ్చానన్నమాట.
తేడా నూటడెబ్బై ఐదు.
మళ్ళీ భాగించాను.
ఈసారి అమ్మకి ఒక ఆదివారం మిగిలింది.

ఆ ఆదివారం అమ్మ నిజంగానే ఇంట్లో ఉంది,
నా లెక్క వల్ల కాదు,
ఫ్యాక్టరీలో కరెంటు పోయి.
అద్దం ముందు నేను గోటితో గిల్లుకుంటుంటే
వెనకనుంచి చెయ్యి పట్టుకుంది.
పదేళ్ళు గింజలు కోసిన వేళ్ళు,
జీడి చమురు తాగి తాగి
ఏ సబ్బు మాటా వినని వేళ్ళు.
"ఒలే, గిల్లకే.
పొట్టు పచ్చిగున్నప్పుడు గిల్లితే
గుండు బద్దయిపోద్ది, బద్ద ముక్కయిపోద్ది.
ముక్కకి రేటెంతో నీకు తెలీదేటి?
ఆరనీ. దానంతటదే ఊడొస్తాది."
"మరి ఆరేదాకా?"
"ఆరేదాకా కాలేజీకెల్లు."

వెళ్తూ వెళ్తూ కొత్త ట్యూబు మూత తీసి వాసన చూసింది.
చూపుడువేలికి ఆవగింజంత రాసుకుని
పెరట్లో పంపు దగ్గర కడిగి
ఎండకి పెట్టి చూసుకుంది.
నలుపు నలుపుగానే ఉంది.
"మోసమేనే" అంది నవ్వుతూ,
మూత మాత్రం గట్టిగా బిగించి పెట్టింది.